పాత టిగ్ మెషిన్ రిపేరు – ఎక్కడ మొదలుపెట్టాలి?

మన హాస్టల్లో టెన్త్ చదివి ఐటీఐలో చేరిన తమ్ముళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళను దృష్టిలో పెట్టుకొని ఇది రాస్తున్నాను. నేను ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చదివాను. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాణ్ణి నేనే. కానీ ఈ పని నేర్చుకున్నది కాలేజీలో కాదు, సెలవుల్లో మా బావ వెల్డింగ్ షాపులో.

టిగ్ వెల్డింగ్‌లో టంగ్‌స్టన్ కడ్డీకీ, అతకవలసిన లోహానికీ మధ్య ఆర్క్ మండుతుంది. టంగ్‌స్టన్ కరగాలంటే 3,422 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఆర్గాన్ గ్యాస్ చుట్టూ కమ్ముకొని కరిగిన లోహానికి గాలి తగలకుండా కాపాడుతుంది. స్టీలు రెయిలింగులు అతికేది ఎక్కువగా ఇలాగే.

ఇప్పటి ఇన్వర్టర్ మెషిన్లు తేలిక, లోపలంతా సర్క్యూట్ బోర్డులే. పాతవి ఇద్దరు మోయలేనంత బరువు. అయితే ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్లు, గ్యాస్ వాల్వ్, స్పార్క్ గ్యాప్ అన్నీ కంటికి కనిపిస్తాయి. నేర్చుకునేవాడికి అవే మేలు.

ఒకసారి బావ మెషిన్‌కు ఆర్క్ రాలేదు. నాకు చదువుకున్నానన్న ధీమా. మూత తీసి నేరుగా స్పార్క్ గ్యాప్ విప్పాను. రెండు రోజులు పోయాయి. పని ఆగింది, ఇద్దరు కుర్రాళ్ళకు కూలి లేదు. చివరికి వాళ్ళలో ఒకడే, "అన్నా, టార్చి స్విచ్ నొక్కితే గ్యాస్ కూడా రావట్లేదు" అన్నాడు. చూస్తే టార్చి పిడి దగ్గర స్విచ్ వైరు తెగి ఉంది!

అప్పటినుంచి నా పద్ధతి మారింది. స్విచ్ నొక్కితే గ్యాసూ లేదు, స్పార్కూ లేదంటే ముందు స్విచ్, దాని వైరు చూడాలి. గ్యాస్ వచ్చి స్పార్కు రాకపోతే స్పార్క్ గ్యాప్‌ను అనుమానించాలి. దాని మొనలు కాలి అరిగితే సందు పెరుగుతుంది. ఆ సందు మిల్లీమీటరులో కొద్ది భాగమే, మాన్యువల్లో ఇచ్చిన కొలతకే పెట్టాలి. స్పార్కు ఉండి ఆర్క్ నిలవకపోతే ఎర్త్ క్లాంపు వదులయిందేమో చూడాలి. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే డయోడ్ షార్టయి ఉండవచ్చు. మల్టీమీటరుతో చూస్తే మంచి డయోడ్ ఒకవైపే దారి ఇస్తుంది, పాడయింది రెండువైపులా ఇస్తుంది.

మూత తీసే ముందు స్విచ్ ఆపితే చాలదు. ప్లగ్గు పీకాలి. ప్లగ్గు లేని కనెక్షనయితే మెయిన్ ఫ్యూజులు తీసి జేబులో వేసుకోవాలి. మీరు లోపల చెయ్యి పెట్టినప్పుడు ఎవరో వచ్చి మెయిన్ వేయవచ్చు. కరెంటు తీసినా కెపాసిటర్లలో చార్జి మిగిలే ఉంటుంది. స్పార్క్ గ్యాప్ వైపు వేల వోల్టులు ఉంటాయి కాబట్టి, పని తెలిసినవాళ్ళు పక్కన లేకుండా అక్కడ వేలు పెట్టవద్దు. స్పార్కు ఆడుతుండగా మీటరు పెట్టినా మీటరే కాలిపోతుంది. నాది ఒకటి అలాగే పోయింది.

బావ మెషిన్ ఇంకా పనిచేస్తోంది. మొన్న వైరు మళ్ళీ అదే చోట తెగింది. ఈసారి పది నిమిషాల్లో అయిపోయింది.