అడగకపోయినా వెళ్లే అప్పీలు

పౌలు కైసరు ఎదుట చెప్పుకొంటానన్న సంగతి మన పాఠకులకు తెలిసిందే. ఆయన నోరు తెరిచి అడిగాడు గనుక ఫేస్తు రోముకు పంపించాడు. అమెరికా సైన్యంలో మరణశిక్ష పడినవారి విషయంలో పద్ధతి ఇందుకు వేరు. దోషి అడగకపోయినా, వద్దని మొత్తుకున్నా అప్పీలు వెళ్లి తీరుతుంది. మన దేశంలోనూ సెషన్స్ కోర్టు వేసిన ఉరిశిక్షను హైకోర్టు ఖరారు చేయనిదే అమలు చేయరు. అమెరికా సైనిక చట్టం ఇంకో మెట్టు పైకి తీసుకెళ్తుంది.

కోర్టు మార్షల్ తీర్పు వెలువడ్డాక, విచారణలో పలికిన ప్రతి మాటా రాసిన రికార్డును సిద్ధం చేస్తారు. అది ఆయా దళపు క్రిమినల్ అప్పీళ్ల కోర్టుకు చేరుతుంది. మిగతా శిక్షల్లో దోషి ఈ హక్కును వదులుకోవచ్చు. మరణశిక్షలో మాత్రం సైనిక న్యాయ నియమావళి 61వ అధికరణం ఆ వీలు ఇవ్వదు. అతని తరఫున వాదించే సైనిక న్యాయవాదిని ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. అక్కడ కూడా శిక్ష నిలిస్తే, కేసు సాయుధ దళాల అప్పీళ్ల కోర్టుకు పోతుంది. అక్కడి ఐదుగురు న్యాయమూర్తులూ సైనికాధికారులు కారు, పౌరులు. మామూలు పిటిషన్లను ఈ కోర్టు తోసిపుచ్చవచ్చు గానీ మరణశిక్ష కేసును వినకుండా ఉండలేదు. విచారణలో జరిగిన పొరపాట్లను డిఫెన్స్ వారు ఒక్కొక్కటిగా రాసి దాఖలు చేస్తారు, ప్రభుత్వం జవాబిస్తుంది.

తప్పనిసరి అన్నది ఇక్కడితో ఆగుతుంది. సుప్రీంకోర్టుకు వెళ్లాలంటే 90 రోజుల్లో పిటిషన్ వేసుకోవాలి, ఆ కోర్టు స్వీకరించకపోవచ్చు. చివరికి అధ్యక్షుడు ఆమోదించనిదే శిక్ష అమలు కాదు.

వద్దన్నవాడికి ఇంత ప్రయాస దేనికి? మేజర్ నిదాల్ హసన్ కేసు చూడండి. 2009లో టెక్సాస్‌లోని ఫోర్ట్ హుడ్‌లో 13 మందిని కాల్చి చంపాడు. నేరం ఒప్పుకుంటానన్నా మరణశిక్ష కోరిన కేసు కాబట్టి చట్టం ఒప్పుకోలేదు. తానే వాదించుకుంటానని లాయర్లను పక్కనపెట్టి, ఒక్క సాక్షినీ పిలవలేదు. 2013లో మరణశిక్ష పడింది. ఎదురు వాదనే సరిగా వినబడని విచారణ అది. అలాంటి తీర్పునే ఎవరో ఒకరు మళ్లీ చదవాలని మేమంటాం. ప్రాణం తీసేది ప్రభుత్వం. తన చేతికి సంకెళ్లు వేసే నియమాన్ని దోషి ఇష్టానికి వదలడం మాకు సరిగా తోచదు.

అయితే దీనికి చెల్లించే వెల చిన్నది కాదు. సాయుధ దళాల అప్పీళ్ల కోర్టు హసన్ శిక్షను ఖాయం చేసేసరికి 2023 వచ్చింది. ఆ పదముగ్గురి ఇళ్లవాళ్లు అప్పటికి పద్నాలుగేళ్లు ఎదురుచూశారు. 1988లో శిక్షపడిన రొనాల్డ్ గ్రేకు 2008లో అధ్యక్షుడు బుష్ ఆమోదముద్ర వేసినా అమలు జరగలేదు. అమెరికా సైన్యం చివరిసారిగా ఒకరిని ఉరితీసింది 1961 ఏప్రిల్‌లో.