చిరునామా మారిన బ్యాంకులు

ఇల్లు మారిన కుటుంబం పోస్టాఫీసులో ఒక కాగితం రాసి ఇచ్చి వెళ్లేది. పాత ఇంటికి వచ్చిన ఉత్తరం మీద చిరునామా కొట్టివేసి, కొత్తది రాసి, మళ్లీ సంచిలో వేసేవారు. ఉత్తరం రాసినవారికి ఈ సంగతి తెలియవలసిన అవసరమే ఉండేది కాదు. 2025లో భారతదేశంలోని బ్యాంకులన్నీ ఒకే గడువులోగా ఇటువంటి మార్పుకు సిద్ధపడవలసి వచ్చింది. మారినవి వాటి భవనాలు కావు, ఇంటర్నెట్‌లోని చిరునామాలు.

ఆ ఏడాది ఫిబ్రవరి 7న ద్రవ్యవిధాన ప్రకటన సందర్భంగా రిజర్వు బ్యాంకు ఈ సంగతి వెల్లడించింది. ఏప్రిల్ 22న ఉత్తర్వు వెలువడింది. అక్టోబరు 31లోగా ప్రతి బ్యాంకూ ‘బ్యాంక్.ఇన్’ అనే ముగింపు గల చిరునామాకు మారాలన్నది దాని సారాంశం. ఆ పేర్లను కేటాయించే అధికారం దేశంలో ఒకే ఒక సంస్థకు దక్కింది. రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాదులో నెలకొల్పిన బ్యాంకింగ్ సాంకేతిక అభివృద్ధి, పరిశోధన సంస్థ అది. దీనినే ఐడీఆర్‌బీటీ అంటారు.

ఇంత శ్రమ ఎందుకు అన్న ప్రశ్నకు సమాధానం చిరునామా నిర్మాణంలోనే ఉన్నది. ఈ పేర్ల వ్యవస్థను 1983లో పాల్ మాకపెట్రిస్ రూపొందించాడు. అంతకు ముందు నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ల పేర్లన్నీ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఒకే జాబితాగా ఉండేవి. మాకపెట్రిస్ పద్ధతిలో ఒక పేరు కింద మరొక పేరు, దాని కింద ఇంకొకటి, చెట్టు కొమ్మల వలె విస్తరిస్తాయి. కనుక చిరునామాను చదవవలసినది కుడి నుంచి ఎడమకు. ‘ఎస్‌బీఐ.బ్యాంక్.ఇన్’ అన్నప్పుడు ‘ఇన్’ భారతదేశానిది, ‘బ్యాంక్’ ఐడీఆర్‌బీటీ అధీనంలోని కొమ్మ, ‘ఎస్‌బీఐ’ ఆ కొమ్మకు పుట్టిన రెమ్మ. సాంకేతికులు దీనినే సబ్‌డొమైన్ అంటారు.

ఇక్కడ ఒక చుక్కకు ఉన్న విలువ గమనించదగినది. 2005 నుంచి ‘ఇన్’తో ముగిసే పేరును ఎవరైనా రుసుము చెల్లించి నేరుగా పొందవచ్చు. ఒక బ్యాంకు పేరుకూ ‘బ్యాంక్’ అన్న మాటకూ మధ్య చుక్కకు బదులు చిన్న గీత పెట్టిన పేరు ఆ కొమ్మకు చెందదు. అది నేరుగా ‘ఇన్’ కింద పుట్టిన వేరే పేరు, ఎవరి చేతిలోనైనా ఉండవచ్చు. అలాగే మధ్యలో ‘బ్యాంక్.ఇన్’ అని ఉండి, ఆ తరువాత మరొక చుక్క, ఇంకేదో పేరు, చివర ‘కామ్’ వస్తే ఆ చిరునామా యజమాని ఆ చివరి పేరు గలవాడే తప్ప బ్యాంకు కాదు. ఎడమ నుంచి చదివే అలవాటు మీదనే మోసగాళ్ల వ్యాపారం సాగుతున్నది.

ఇక పాత చిరునామా సంగతి. అది చెక్కుపుస్తకాలపై, పాసుపుస్తకాలపై, ఖాతాదారుల ఫోన్లలో దాచుకున్న గుర్తుల్లో ఎప్పుడో స్థిరపడిపోయింది. పాత పేరును కొత్తదానికి మారుపేరుగా నమోదు చేస్తే సరిపోతుందని తోచవచ్చు. సీ-నేమ్ అనే అటువంటి నమోదు ఉన్నది కూడా. అయితే అది ఇతర నమోదులతో కలిసి ఉండరాదన్నది నియమం. డొమైన్ మూలనామానికి తప్పనిసరి నమోదులు కొన్ని ముందే ఉంటాయి కనుక అక్కడ అది చెల్లదు. చెల్లినచోట కూడా ఖాతాదారుడి కంటికి కనబడేది పాత పేరే. కొత్త పేరు జనానికి అలవాటు చేయాలన్న ఆశయం అక్కడే వీగిపోతుంది.

అందుచేత మిగిలిన మార్గం దారి మళ్లింపు, అనగా రీడైరెక్ట్. పాత చిరునామాలోని సర్వర్ పేజీని ఇవ్వదు. 301 అనే సంఖ్యతో కూడిన జవాబు ఇచ్చి, కొత్త చిరునామా చెబుతుంది. ‘శాశ్వతంగా మారాము’ అని ఆ సంఖ్యకు అర్థం. 302 అయితే ‘ప్రస్తుతానికి అక్కడ చూడండి’ అని. పోస్టాఫీసుకూ దీనికీ భేదం ఇక్కడే. ఉత్తరాన్ని మోసుకుపోయేది తపాలా శాఖ, ఇక్కడ ప్రయాణం చేసేది ఖాతాదారుడి బ్రౌజరే. 301 జవాబును అది జ్ఞాపకం ఉంచుకొని మరునాడు పాత గుమ్మం తొక్కకుండానే కొత్త చోటికి పోగలదు. పొరపాటున తప్పు చిరునామా చెబితే దానినీ అంతే శ్రద్ధగా గుర్తుంచుకుంటుంది! మార్పు సక్రమంగా ఉన్నదని తేలేవరకు 302తో నెట్టుకురావడం అనుభవజ్ఞుల పద్ధతి.

వచ్చినవారిని అందరినీ కొత్త ముఖద్వారం వద్ద వదిలివేయడం తరచు జరిగే అపచారం. గృహరుణాల వడ్డీ పేజీ కోసం వచ్చినవానిని ఆ పేజీకే చేర్చాలి. పేరు తరువాతి దారి యావత్తూ కొత్త చిరునామాకు అతకాలి. నింపిన దరఖాస్తు పంపే సమయంలో 301 వస్తే అందులోని వివరాలు మార్గమధ్యంలో రాలిపోయే అవకాశం ఉన్నది. అందుకు 308 అనే మరో సంఖ్య ఏర్పడింది. పాత పేరుకు భద్రతా ధ్రువపత్రం కూడా చెల్లుబాటులో ఉండాలి. మళ్లింపు కబురు అందేది రహస్య సంబంధం కుదిరిన తరువాతనే కనుక, పత్రం గడువు తీరితే ఖాతాదారుడికి ఎదురయ్యేది కొత్త గుమ్మం కాదు, హెచ్చరిక.

మరొక చిక్కు ఉన్నది. పాస్‌వర్డులను దాచిపెట్టే సాధనాలు వాటిని చిరునామాతో ముడివేస్తాయి. పేరు మారగానే అవి మౌనం వహిస్తాయి. అది వాటి లోపం కాదు, దొంగ పేజీకి రహస్యం అందించకుండా కాపాడేది ఆ మౌనమే. కాని పాస్‌వర్డును చేతితో కొట్టవలసి వచ్చే ఆ కొద్ది రోజులే, ‘మా చిరునామా మారింది, ఇక్కడ నొక్కండి’ అనే దొంగ సందేశాలకు అనువైన కాలం. సందేశంలోని లంకెను నొక్కక, చిరునామాను స్వయంగా టైపు చేసుకొన్నవాడికి ఆ భయం లేదు.

పాత పేరును ఎంతకాలం కాపాడాలి? ఏటేటా రుసుము కట్టడం ఖర్చుదండుగ అని ఏ అధికారికైనా తోచవచ్చు. ‘బ్లాగ్‌స్పాట్.ఇన్’ ఉదంతం అతనికి చూపదగినది. గూగుల్ సంస్థ 2012లో భారతీయ పాఠకులను ‘బ్లాగ్‌స్పాట్.కామ్’ నుంచి ఆ పేరుకు మళ్లించింది. తెలుగు బ్లాగుల లంకెలు సైతం ఎన్నో ఆ రూపంలోనే ఇతర పేజీలలో నిలిచిపోయాయి. 2020లో ఆ పేరు గూగుల్ చేయి జారింది. బ్లాగులు ‘కామ్’ చిరునామాలో క్షేమంగానే ఉన్నా, ‘ఇన్’ లంకెలు నొక్కినవారికి దారి దొరకలేదు. అక్కడ పోయినవి వ్యాసాలకు దారులు. బ్యాంకు వదిలేసిన పేరును మరొకడు కొంటే, అలవాటు చొప్పున వచ్చిన ఖాతాదారుడు తన వివరాలన్నీ కొత్త యజమానికే అప్పగిస్తాడు.

బ్యాంకేతర ఆర్థిక సంస్థలకు ‘ఫిన్.ఇన్’ అనే కొమ్మను ఏర్పరచాలన్న సంకల్పాన్ని కూడా రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరి ప్రకటనలోనే తెలియజేసింది.