ట్రాఫిక్ ప్రభావ అంచనా

కొత్త నిర్మాణం వల్ల ఏర్పడే అదనపు ప్రయాణాలను చుట్టుపక్కల రోడ్లు, కూడళ్లు భరించగలవా అని ముందుగా లెక్కించడమే ట్రాఫిక్ ప్రభావ అంచనా.

ఉదాహరణకు, రాజీవ్ రహదారిపై ఉన్న తుర్కపల్లిని గమనించండి. ఇక్కడి జీనోమ్ వ్యాలీ సంస్థలకు ఉదయం హైదరాబాద్ వైపు నుంచి ఉద్యోగులు వస్తారు. ఇక్కడ కొత్త ఇళ్లు వెలిస్తే, నగరంలో పనిచేసేవారు అదే వేళకు ఎదురు దిశలో బయలుదేరుతారు. రోజు మొత్తం వాహనాల లెక్కలో ఇది కనిపించదు. అందువల్ల రద్దీ గంటలో, దిశలవారీగా, మలుపులవారీగా లెక్కించాలి.

2006 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపై నిర్మిత విస్తీర్ణం గల భవన ప్రాజెక్టులకు ముందస్తు పర్యావరణ అనుమతి అవసరం. అంతకు చిన్నవాటి ప్రభావం విడివిడిగా స్వల్పమే. కాని వాటి వాహనాలన్నీ చేరేది ఒకే రోడ్డుకు. కాబట్టి అన్నింటినీ కలిపి అంచనా వేయాలి. లేకపోతే ఆ భారం రోడ్డు దాటే గ్రామస్థులపై పడుతుంది.