నమూనా ముందు, వస్తువు పిదప

ఓడలు గట్టువారు పూర్వము ఓడ రూపమును విశాలమైన నేలపై నిజప్రమాణమున గీచి, ఆ గీతలనుండి రేకులు కోయుటకు అచ్చులు తీసెడివారు. 1948 మార్చి 14న విశాఖపట్టణమున జలప్రవేశము చేసిన 'జల ఉష' నాటి పద్ధతి అదియే. పోతపనివారు నేటికిని, ఉక్కు చల్లారునపుడు నూటికి సుమారు 2 వంతులు కుంచించుకొనును గనుక, నమూనాను ఆ మేరకు పెద్దదిగా చేయుదురు.

ఇప్పుడు ఆ నేల స్థానమును కంప్యూటరు ఆక్రమించినది. అందు గీచిన రూపమును పొరమీద పొరగా పేర్చి, కొలది గంటలలో వస్తువుగా చూపు త్రీడీ ముద్రణ యంత్రములు విశాఖలోని మెడ్‌టెక్ జోన్‌లో వైద్యపరికరముల రూపకర్తలకు తోడ్పడుచున్నవి. అయితే తెరపై సొగసుగా కన్పట్టిన రూపమెల్ల యంత్రమునకు పనికివచ్చునా? రాదని మేము మనవి చేయుచున్నాము.

యంత్రమునకు సిద్ధపరచు ఎస్‌టీఎల్ ఫైలులో వస్తువు ఉపరితలమంతయు త్రిభుజములుగా విభజింపబడియుండును. అవి ఎడము లేక కలియవలెను. నీరు పోసినను కారని కుండవలె ఉండవలెను. చిల్లియున్నచో ఏది లోపలయో, ఏది వెలుపలయో యంత్రమునకు తెలియదు. ఆ ఫైలు కొలమానమును చెప్పదు. అంగుళములలో గీచినదానిని మిల్లీమీటరులుగా గ్రహించినచో వస్తువు 25.4 రెట్లు చిన్నదగును. ప్లాస్టిక్ పోగు వెలువడు రంధ్రము 0.4 మిల్లీమీటరులైనచో, అంతకన్న పలుచని గోడ సరిగా ఏర్పడదు. పొరల నడుమ పట్టు తక్కువ గావున, బరువు మోయు భాగమును ఏ వైపుగా నిలిపి ముద్రింపవలెనో ముందే నిశ్చయింపవలెను.

నమూనాలో బయటపడిన దోషమునకు నష్టము కొన్ని గంటలు మాత్రమే. అదియే ఉక్కు అచ్చులోనికి పోయినచో అచ్చంతయు వ్యర్థము. రోగి చెంతకు పోయినచో ప్రాణమునకే ముప్పు. కావున గీతను సరిచూచు ఓపికయే ఈ విద్యకు ప్రథమ సోపానమని మా అభిప్రాయము.