వార్తల్లో పదం: అనబాలిక్ స్టెరాయిడ్

కండలు త్వరగా పెరగాలని జిమ్ముల్లో కొందరు వేయించుకునే ఇంజెక్షన్లలో ఉండేది టెస్టోస్టెరాన్, లేదా దాన్ని పోలిన కృత్రిమ హార్మోనే. వాటినే అనబాలిక్ స్టెరాయిడ్లంటారు. ఆస్తమాకు డాక్టర్లు రాసే స్టెరాయిడ్లు వేరు.

టెస్టోస్టెరాన్ ఒంటికి శత్రువు కాదు. చిక్కంతా మోతాదు మించినప్పుడే. మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, చెడ్డది పెరుగుతుంది. ఎర్రకణాలు ఎక్కువై నెత్తురు చిక్కబడుతుంది. రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, కొవ్వు చేరిన చోటికి రోగనిరోధక కణాలు మూగుతాయి. ఈ ఇన్‌ఫ్లమేషన్ లోలోపలే సాగుతుంది. పైకి నొప్పి ఉండదు, వాపు కనిపించదు. భయపడాల్సింది అందుకే.

2017లో 'సర్క్యులేషన్' పత్రిక ప్రచురించిన అమెరికా అధ్యయనంలో 140 మంది వెయిట్‌లిఫ్టర్లను పరీక్షించారు. వారిలో 86 మంది స్టెరాయిడ్లు వాడినవారు. గుండె తనలో నిండిన రక్తంలో ఒక్కో స్పందనకు బయటికి పంపే వాటా వాడనివారిలో సగటున 63 శాతం, వాడినవారిలో 52 శాతమే. ఎక్కువ ఏళ్లు వాడినకొద్దీ గుండె ధమనుల్లో పూడికా ఎక్కువే.

హార్మోన్ నిజంగా లోపించినవారికి ఇచ్చే చికిత్స సంగతి వేరు. 2023 నాటి ట్రావర్స్ ట్రయల్‌లో 5 వేలకు పైగా పురుషులను గమనిస్తే గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరగలేదు. గుండె లయ తప్పడం మాత్రం ఎక్కువగా కనిపించింది.

జిమ్ములో ఎవరైనా సూది చేతిలో పెడితే తీసుకోకండి. ఇప్పటికే వాడుతుంటే దాచకుండా డాక్టరుకు చెప్పి, రక్తపరీక్ష చేయించుకోండి.