ఒంటి పిడి కుళాయి కథ

1937లో అమెరికాలోని సియాటిల్ నగరంలో ఆల్‌ఫ్రెడ్ మోయెన్ అనే ఇంజినీరింగు విద్యార్థి ఉండేవాడు. చదువు ఖర్చుల కోసం రాత్రిళ్లు ఒక గరాజులో పనిచేసేవాడు. ఒకరోజు పని ముగించి జిడ్డు చేతులు కడుక్కుందామని కుళాయి తిప్పితే సలసలా కాగే నీళ్లు చేతుల మీద పడ్డాయి. అప్పటి సింకులకు వేడినీళ్లకొక తిప్పుడు, చన్నీళ్లకొక తిప్పుడు ఉండేవి. రెంటినీ సరిచూసుకునేలోపు చర్మం కమిలిపోయేది. ఒకే పిడితో రెండు నీళ్లనూ కలపలేమా అన్న ఆలోచన ఆనాటి నుంచి అతన్ని వదల్లేదు. ఇవాళ మన వంటింటి సింకుల మీద వంపు తిరిగి నిలబడే ఒంటి పిడి కుళాయికి మూలం అక్కడే ఉంది.

అంతకు ముందు దాదాపు వందేళ్లపాటు లోకాన్ని ఏలింది మర కుళాయి. 1845లో ఇంగ్లండులోని రోథరమ్ పట్టణంలో గెస్ట్ అండ్ క్రైమ్స్ అనే ఇత్తడి కార్ఖానా దాన్ని బజారుకు తెచ్చింది. పిడి తిప్పితే లోపలి స్పిండిల్ మర మీదుగా కిందికి దిగి, చివరనున్న వాషరును ఇత్తడి గట్టుకు అదుముతుంది, నీటి దారి మూసుకుంటుంది. మొదట్లో వాషరు తోలుతో ఉండేది, తర్వాత రబ్బరు వచ్చింది. ఈ యంత్రంలో తరచూ అరిగేది ఆ వాషరే, దాన్ని మార్చడానికి ఒక పానా చాలు. మన వీధి కుళాయిలు కారితే పాత సైకిల్ ట్యూబు ముక్క కత్తిరించి వేసి నడిపించిన చేతులు ఎన్నో! ఎవరి అనుమతీ అక్కర్లేని మరమ్మతు అది.

మోయెన్ మొదటి నమూనా చూసిన తయారీదారు అది ఎక్కువకాలం నిలవదన్నాడు. మోయెన్ దాన్ని పక్కన పెట్టి, గొట్టం లోపల కదిలే పిస్టన్ పద్ధతికి వచ్చాడు. పిడి ఎత్తితే నీళ్ల ధార పెరుగుతుంది, పక్కకు తిప్పితే వేడీ చల్లదనం మారతాయి. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చి లోహాలన్నీ ఆయుధాలకే పోయాయి. చివరికి 1947లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తొలి ఒంటి పిడి కుళాయిలు అమ్ముడయ్యాయి. నా దృష్టిలో అతని అసలు గొప్పతనం ఆ తర్వాత తెచ్చిన మార్పులో ఉంది. కదిలే భాగాలన్నిటినీ కాట్రిడ్జ్ అనే ఒకే డబ్బీలో పెట్టాడు. అరిగితే ఆ డబ్బీ తీసి కొత్తది వేస్తే చాలు, కుళాయి మళ్లీ కొత్తదే. మర కుళాయిలో వాషరుకున్న స్థానం ఇక్కడ కాట్రిడ్జ్‌కి దక్కింది.

ఇంచుమించు అదే కాలంలో ఇంకో దారి తెరుచుకుంది. స్మిర్నాలో పుట్టి, 1920లో అమెరికా చేరిన ఆర్మీనియన్ శరణార్థి అలెక్స్ మనూజియన్ డెట్రాయిట్‌లో కార్ల విడిభాగాలు చేసేవాడు. లాండిస్ పెర్రీ రూపొందించిన బంతి వాల్వు హక్కులు కొని, మెరుగులు దిద్ది, 1954లో డెల్టా కుళాయి తెచ్చాడు. నాలుగేళ్లలో అమ్మకాలు పది లక్షల డాలర్లు దాటాయి.

1970ల నుంచి సిరామిక్ బిళ్లలు వచ్చాయి. కాట్రిడ్జ్‌లో రెండు అల్యూమినా బిళ్లలు ఒకదానిమీద ఒకటి జారుతుంటాయి. వాటి రంధ్రాలు ఎదురెదురుగా వస్తే నీళ్లు వస్తాయి, తప్పుకుంటే ఆగుతాయి. ఆ బిళ్లల ముఖాలను మైక్రాన్ అటూ ఇటూగా ఉండేంత చదునుగా సానబడతారు కాబట్టి వాటి మధ్య నీటికి సందు దొరకదు. మోస్ గట్టిదనపు కొలమానంలో అల్యూమినా 9, ఇసుకలోని క్వార్ట్జ్ 7. అంటే ట్యాంకులోంచి వచ్చే ఇసుక రేణువు ఆ బిళ్లను అంత తేలిగ్గా గీయలేదు. కుళాయి కారడం మొదలైందంటే చాలాసార్లు తప్పు బిళ్ల చుట్టూ ఉన్న రబ్బరు రింగుదో, దాన్ని తిప్పే ప్లాస్టిక్ కాడదో అయి ఉంటుంది.

ఇదంతా నేను వెతుక్కుని చదివింది మా ఇంట్లో కుళాయి కారణంగానే. హైదరాబాద్‌లో ఇల్లు బాగు చేయించుకున్నప్పుడు, మూతి బయటికి లాగి గిన్నెలు కడుక్కునే, పేరున్న కంపెనీ కుళాయి కొన్నాం. మామూలు కుళాయిలు అరడజను వచ్చే ధర. పెట్టె మీద పదేళ్ల వారంటీ అని పెద్ద అక్షరాలు. రెండేళ్లు నిండకముందే పిడి వదులై, కట్టేసినా బొట్లు ఆగలేదు. సెకనుకో బొట్టు కారితే రోజుకు నాలుగు లీటర్లకు పైనే పోతుంది. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే అపార్ట్‌మెంటులో ఆ చప్పుడు వింటూ పడుకోవడం కష్టం.

ఎన్నో ఫోన్ల తర్వాత వచ్చిన సర్వీసు కుర్రాడు కుళాయి విప్పలేదు. గ్లాసులో నీళ్లు పట్టి టీడీఎస్ మీటరు ముంచి, ఫొటో తీసుకున్నాడు. "బోరు నీళ్లు కదా సార్, వారంటీ వర్తించదు. కంపెనీ రూలు సార్, నా చేతిలో ఏం లేదు" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. కోపమంతా ఆ రూలు మీదే. టీడీఎస్ మీటరు నీటిలో విద్యుత్తు ఎంత బాగా పారుతుందో కొలిచి, కరిగిన మొత్తం లవణాలను అంచనా కడుతుంది. వాటిలో గార కట్టే కాల్షియం, మెగ్నీషియం ఎంతో అది చెప్పదు. ఒకవేళ నీరు కఠినమైనదే అయినా, మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యాన్ని ఆమోదిస్తుంది, వేరే దిక్కు లేనిచోట 600 దాకా అనుమతిస్తుంది. ఈ నగరంలో సగం బతుకు బోరు మీదే నడుస్తుందని తెలిసి ఇక్కడ షోరూము తెరిచినవాళ్లు, ఆ నీటికి తట్టుకునే కుళాయే అమ్మాలి.

తర్వాత మా ప్లంబరు దాన్ని విప్పి చూపించాడు. బిళ్లలు అద్దంలా ఉన్నాయి, గార జాడే లేదు. ప్లాస్టిక్ కాడ మొదలు దగ్గర చీలింది. అంటే బోరు నీళ్లకూ ఈ లోపానికీ సంబంధం లేదు. కాట్రిడ్జ్ పట్టుకుని సికింద్రాబాద్ రాణీగంజ్‌లో కొట్లన్నీ తిరిగాం. 35, 40 మిల్లీమీటర్ల కాట్రిడ్జ్‌లు కుప్పలుగా ఉన్నాయి. మాది ఆ కంపెనీ సొంత ఆకారం, వాటిలో ఏదీ పట్టలేదు. కంపెనీని అడిగితే ఆ మోడల్ ఆపేశామని, విడిభాగం లేదని, కొత్త కుళాయి మీద తగ్గింపు ఇస్తామని చెప్పారు.

మార్చుకునే ముక్క కోసమే పుట్టిన యంత్రానికి ఆ ముక్క దొరక్కుండా చేయడం నన్ను నిజంగా బాధించింది. పదేళ్ల వారంటీ రాసినప్పుడు పదేళ్లపాటు కాట్రిడ్జ్ అల్మరాలో ఉంచే పూచీ కూడా అందులోనే ఉండాలి. కాట్రిడ్జ్ కొలత పెట్టె మీద అచ్చు వేయాలి. కుళాయి కొనబోయే మిత్రులకు నేను చెప్పేది ఒకటే: మెరుపు చూసేముందు విడి కాట్రిడ్జ్ చూపించమని అడగండి, చూపించలేకపోతే ఆ కొట్టు దాటి వెళ్లండి. క్రోమియం పూత మైక్రాన్‌లో ఎన్నో వంతు మందమే ఉంటుంది, దాని తళతళను బట్టి లోపలి ప్లాస్టిక్ నాణ్యత తెలియదు.

మేం 1915 నంబరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాం. చీలిన కాడ ఫొటోలు, బిల్లు, వారంటీ కార్డు జత చేశాం. ఏం పరిహారం కావాలని అడిగిన చోట కాట్రిడ్జ్ ఒకటి అని రాశాను.