వాయనం సమీక్ష, సంఘీభావ సమీక్ష: తేడా ఎక్కడుంది?

1937 సెప్టెంబరు 21న లండన్‌లో 'ది హాబిట్' అనే నవల వెలువడింది. రచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్, ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్. అక్టోబరు 2న 'టైమ్స్ లిటరరీ సప్లిమెంట్' దాన్ని మెచ్చుకుంటూ ఒక సమీక్ష వేసింది. వారం తిరక్కముందే 'ది టైమ్స్' దినపత్రికలో మరో మెప్పు. రెండిటి కిందా పేరు లేదు. రెండూ రాసింది ఒక్కరే, సి.ఎస్. లూయిస్. ఆయన టోల్కీన్‌కి దగ్గరి స్నేహితుడు, అదే ఆక్స్‌ఫర్డ్‌లో అధ్యాపకుడు. ఆ నవలని అచ్చుకు నాలుగేళ్ల ముందే రాతప్రతిలో చదివినవాడు. 1954లో 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మొదటి భాగం వచ్చినప్పుడు కూడా లూయిస్ సమీక్ష రాశారు. పుస్తకం అట్ట మీద వేసిన మెప్పుమాటల్లోనూ ఆయనవి ఉన్నాయి.

దీన్ని ఇప్పుడు సాహిత్య చరిత్ర అంటున్నారు. గొప్ప స్నేహం అని పుస్తకాలు కూడా రాస్తున్నారు. కానీ ఇదే పని ఈరోజు సొంతంగా పుస్తకం వేసుకున్న ఒక ఫాంటసీ రచయిత, తన స్నేహితుడి పుస్తకానికి అమెజాన్‌లో చేస్తే ఆ సమీక్షని తీసేస్తారు. రచయితలు ఇతరుల పుస్తకాలకి సమీక్ష రాయొచ్చు కానీ, వ్యక్తిగత సంబంధం ఉన్నా, పుస్తకం తయారీలో చెయ్యి ఉన్నా రాయకూడదన్నది అక్కడి నిబంధన. ఈ లెక్కన లూయిస్ రెండు విధాలా అనర్హుడే.

అంటే లోపలివాళ్లు ఒకరినొకరు మెచ్చుకుంటే సంప్రదాయం, బయటివాళ్లు మెచ్చుకుంటే కుమ్మక్కా? ఈ ప్రశ్న ఇంగ్లీషు ఫాంటసీ రచయితలది మాత్రమే కాదు. సొంత డబ్బుతో పుస్తకం వేసుకుని, తోటివాళ్లనే మొదటి పాఠకులుగా నమ్ముకున్న ప్రతి రచయితదీ. అందుకే వాళ్ల అనుభవం కొంచెం వివరంగా చూద్దాం.

తోటి రచయితే ఎందుకు దిక్కు?

2007లో కిండిల్‌తో పాటు అమెజాన్ సొంత ప్రచురణకి దారి తెరిచింది. ప్రచురణకర్త ఒప్పుకోవాల్సిన పని లేదు. ఫైలు ఎక్కిస్తే పుస్తకం అమ్మకానికి వస్తుంది. అమెరికాలో 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య ధర పెడితే 70 శాతం దాకా, లేకపోతే 35 శాతం రాయల్టీ. మాంత్రికులు, డ్రాగన్లు, ఎక్కడా లేని రాజ్యాలు, ఐదారు భాగాల సుదీర్ఘ కథలు రాసేవాళ్లు పెద్ద సంఖ్యలో ఈ దారి పట్టారు.

గేటు తెరుచుకుంది గానీ లోపల దీపం లేదు. పెద్ద పత్రికలు మామూలుగా సొంత ప్రచురణల్ని సమీక్షకు తీసుకోవు. పుస్తకాల షాపుల్లో అవి కనపడవు. సమీక్షలు లేని పుస్తకాన్ని కొత్త పాఠకుడు కొనడు. కొనేవాడు లేకపోతే సమీక్ష రాదు. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి. ఆరొందల పేజీల నవలని ఓపిగ్గా చదివి, నాలుగు మాటలు రాయగలిగేది ఎవరు? అదే పని చేస్తూ, అదే ఇబ్బంది పడుతున్న ఇంకో రచయిత.

తోటి రచయిత సమీక్షలో మరో విలువ కూడా ఉంది. ఆ కల్పిత లోకం నియమాలు ఎక్కడ తెగాయో, మూడో భాగంలో కథ ఎందుకు సాగిందో ఆ పని తెలిసినవాళ్లు చెప్పగలరు. ఇది మనకి బాగా అర్థమయ్యే విషయం. దళిత రచయిత పుస్తకం గురించి బయటివాళ్లు రాసినప్పుడు "బాధ బాగా చెప్పారు" అనడంతో ఎన్నిసార్లు ఆగిపోలేదు? కథ ఎలా కట్టారు, వాక్యం ఎలా నడిచింది అనేది చూసేవాళ్లు చాలాసార్లు తోటి రచయితలే.

వాయనం ఎప్పుడు మొదలవుతుంది?

"ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం" అంటాం కదా. నా పుస్తకానికి నువ్వు ఐదు స్టార్లు వెయ్యి, నీ పుస్తకానికి నేను ఐదు వేస్తాను. పుస్తకం చదవడం కూడా అక్కర్లేదు. సంఘీభావం ఎప్పుడు ఈ మార్పిడిగా మారిపోతుందో చాలాసార్లు చేసేవాళ్లకే తెలియదు.

ఈ జబ్బు సొంత ప్రచురణతో పుట్టింది కాదు. 1855లో వాల్ట్ విట్మన్ తన 'లీవ్స్ ఆఫ్ గ్రాస్' మీద తానే పేరు లేకుండా సమీక్షలు రాసుకున్నారు. 2004 ఫిబ్రవరిలో అమెజాన్ కెనడా సైటులో సాంకేతిక లోపం వచ్చి, మారుపేర్ల వెనకున్న అసలు పేర్లు కొన్ని రోజులు బయటపడ్డాయి. సొంత పుస్తకాలకి తామే సమీక్ష రాసుకున్న రచయితలు అప్పుడు దొరికిపోయారు. 2012 ఆగస్టులో 'న్యూయార్క్ టైమ్స్' మరో సంగతి రాసింది. సొంత ప్రచురణలో పది లక్షల ఈ-పుస్తకాలు అమ్మి పేరు తెచ్చుకున్న ఒక థ్రిల్లర్ రచయిత, 300 సమీక్షలు డబ్బిచ్చి కొన్నాడు.

ఆ ఏడాది చివర్లోనే అమెజాన్ పెద్ద ఎత్తున సమీక్షలు తొలగించింది. రచయితలు రచయితల మీద రాసినవి చాలా పోయాయి. నిజంగా చదివి రాశామని మొత్తుకున్నవాళ్లవీ పోయాయి.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఒక సమీక్ష స్నేహంతో రాసిందా, బేరంతో రాసిందా, నిజాయితీగా రాసిందా అన్నది యంత్రం ఎలా పోల్చుకుంటుంది? సంబంధం ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది. పెద్ద ప్రచురణ సంస్థ రచయితకి ముక్కూ మొహం తెలియని పాఠకులు వేలల్లో ఉంటారు, పది సమీక్షలు పోయినా లెక్క లేదు. చిన్న సమూహంలోంచి రాసే రచయితకి ఉన్న పాఠకులందరూ తెలిసినవాళ్లే. ఆ పది పోతే పుస్తకమే మాయమవుతుంది. నియమం ఒకటే, దెబ్బ మాత్రం ఒకేలా తగలదు.

ఒక్క స్టారు కూడా ఆయుధమే

మెప్పు అబద్ధమైతే పాఠకుడు మోసపోతాడు. తిట్టు అబద్ధమైతే రచయిత నష్టపోతాడు. చిన్న లెక్క చూడండి. ఎనిమిది మంది ఐదేసి స్టార్లు వేసిన పుస్తకానికి ముగ్గురు కావాలని ఒక్కో స్టారు వేస్తే సగటు 5 నుంచి 3.9కి పడిపోతుంది. వెయ్యి మంది ఐదేసి వేసిన పుస్తకానికి అదే ముగ్గురు అదే పని చేస్తే సగటు 4.99. తక్కువ సమీక్షలున్న పుస్తకాన్ని కూల్చడానికి మూడు దొంగ ఖాతాలు చాలు.

ఇది ఊహ కాదు. 2023 డిసెంబరులో అమెరికాలో ఇదే జరిగింది. 2024లో తొలి ఫాంటసీ నవల రావాల్సిన ఒక తెల్లజాతి రచయిత, గుడ్‌రీడ్స్‌లో దొంగ ఖాతాలు తెరిచి, తనలాగే తొలి పుస్తకం తెస్తున్న తోటి రచయితలకి ఒక్కో స్టారు వేస్తూ పోయింది. వాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, ఇతర తెల్లజాతియేతర రచయితలు. తన పుస్తకానికి మాత్రం అవే ఖాతాల నుంచి ఐదు స్టార్లు. పుస్తకం అచ్చు కాకముందే రేటింగ్ వేసే వీలు ఆ సైటు ఇవ్వడం వల్ల ఇదంతా కుదిరింది. ఆమె పెద్ద సంస్థ రచయితే, స్వతంత్ర రచయిత కాదు. బయటపెట్టింది గుడ్‌రీడ్స్ యాజమాన్యం కాదు, 2013లో దాన్ని కొన్న అమెజానూ కాదు. తోటి రచయితలే ఖాతాల మధ్య పోలికలు పట్టుకుని, ఆధారాలు పోగు చేసి జనం ముందు పెట్టారు. ప్రచురణ సంస్థ ఆ పుస్తకాన్ని వదులుకుంది, ఏజెంటూ వదులుకున్నారు. ఆమె క్షమాపణ చెప్పింది.

రచయితల మధ్య సంబంధాలు దొంగ సమీక్షలకే పనికొస్తాయనేవాళ్లు ఈ ఘటన గుర్తుపెట్టుకోవాలి. దొంగని పట్టింది కూడా ఆ సంబంధాలే.

మూడొందల పుస్తకాలు, పదిమంది పాఠకులు

మరి నమ్మదగిన పద్ధతి ఉందా? 2015లో బ్రిటిష్ ఫాంటసీ రచయిత మార్క్ లారెన్స్ ఒకటి మొదలుపెట్టారు. సొంత ప్రచురణ ఫాంటసీ నవలల పోటీ అది, ఎస్‌పీఎఫ్‌బీవో అని పిలుస్తారు. లారెన్స్ పెద్ద సంస్థల ద్వారా పుస్తకాలు వచ్చిన రచయిత. బయట ఉండిపోయిన మంచి పుస్తకాన్ని వెతకడం ఎలా అన్నది ఆయన ప్రశ్న.

పద్ధతి సులువు. సుమారు 300 నవలలు తీసుకుంటారు. పదిమంది బ్లాగర్లకి, లేదా బ్లాగు బృందాలకి, తలా 30 పంచుతారు. ఒక్కో బృందం తన వాటాలోంచి ఒక్కటి ఎంచుతుంది. అలా మిగిలిన పదింటినీ పది బృందాలూ చదివి, పదికి మార్కులు వేసి, సమీక్షలు బహిరంగంగా రాస్తాయి. సగటు ఎక్కువ వచ్చినది గెలుస్తుంది. నగదు బహుమతి లేదు, గెలిచినవాళ్లకి ఇచ్చేది ఒక చిన్న జ్ఞాపిక.

ఇందులో మార్పిడి లేదు. చదివేవాళ్లకి రచయిత తిరిగి ఇచ్చేదేమీ లేదు. ఒకరి అభిరుచి పొరపాటైతే తొమ్మిదిమంది సరిదిద్దుతారు. కారణాలు అందరి ముందూ ఉంటాయి. జొనాథన్ ఫ్రెంచ్ 'ది గ్రే బాస్టర్డ్స్' ఇక్కడ గెలిచాక పెద్ద సంస్థలు వేశాయి. ఎం.ఎల్. వాంగ్ 2019లో సొంతంగా వేసుకున్న 'ది స్వోర్డ్ ఆఫ్ కైగెన్' ఇక్కడే గెలిచింది.

అన్నిటికన్నా ఆలోచింపజేసేది జొసాయా బాంక్రాఫ్ట్ కథ. 2013లో సొంతంగా వేసుకున్న 'సెన్లిన్ అసెండ్స్' 2016 పోటీలో ఫైనల్‌కి కూడా చేరలేదు. లారెన్స్ దాన్ని విడిగా చదివి, తన పేరుతో గట్టిగా మెచ్చుకున్నారు. 2018లో ఆర్బిట్ సంస్థ దాన్ని ప్రచురించింది. లోపల ఉన్న రచయిత ఒకరు నోరు విప్పితే ఎంత తేడా వస్తుందో ఇది చూపిస్తుంది. పద్ధతి ఎంత మంచిదైనా మంచి పుస్తకాన్ని జారవిడవగలదని కూడా చూపిస్తుంది.

గేటు రంగు, గేటు కులం

ఆ లోపలి స్థానాల్లో ఎవరున్నారన్నది అసలు సమస్య. 2015లో 63 ఇంగ్లీషు సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ పత్రికలు వేసిన 2,039 కథల్లో నల్లజాతి రచయితలవి 38 మాత్రమేనని 'ఫైర్‌సైడ్ ఫిక్షన్' పత్రిక లెక్కతీసింది. రెండు శాతం కూడా కాదు. 2017లో నల్లజాతి రచయితలు 'ఫియా' అనే సొంత పత్రిక పెట్టుకున్నారు. 2021లో దానికి హ్యూగో అవార్డు వచ్చింది.

కలకత్తాలో పుట్టిన దళిత ఫాంటసీ రచయిత మిమి మండల్ 2018లో హ్యూగో తుది జాబితాలో చేరారు. ఆమె అలెగ్జాండ్రా పియర్స్‌తో కలిసి సంపాదకత్వం వహించిన ఆ పుస్తకం 'లుమినసెంట్ థ్రెడ్స్'. అదేమిటో తెలుసా? నల్లజాతి రచయిత ఆక్టేవియా బట్లర్‌ని చదివిన రచయితలు, పాఠకులు ఆమెకి రాసిన ఉత్తరాలు, వ్యాసాల సంకలనం. రచయితలు రచయితని చదవడం అనే పనికే అక్కడ గౌరవం దక్కింది. మన దేశంలో చెన్నైకి చెందిన బ్లాఫ్ట్ సంస్థ కులవ్యతిరేక ఊహాసాహిత్యాన్ని ఒక సంకలనంగా తెచ్చింది. ఇలాంటి పుస్తకాల్ని మొదట ఎవరు చదివి, ఎవరు రాయాలి? ఆ బాధ్యత మన మీదా ఉంది.

తెలుగులో సొంత ప్రచురణ కొత్త కాదు. ఐదొందల కాపీలు వేసుకోవడం, పెద్దాయన దగ్గర ముందుమాట అడగడం, ఆవిష్కరణ సభ, ఆపైన మిత్రుడి సమీక్ష మనకి అలవాటే. ఈ-పుస్తకాల్లో ఇంకా వెనకబడ్డాం. 2016 చివర్లో కిండిల్ భారతీయ భాషలకి తలుపు తీసినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం లోపలికి వెళ్లాయి, తెలుగు బయటే ఉంది. కాబట్టి స్టార్ల గొడవ మనకి ఇంకా పూర్తిగా రాలేదు. ముందుమాటల వాయనం మాత్రం ఎప్పటినుంచో ఉంది.

తోటివాళ్ల పుస్తకం గురించి రాసేటప్పుడు

పై అనుభవాల నుంచి మనం తీసుకోగలిగినవి ఇవి.

సంబంధం దాచొద్దు. "ఈ రచయిత నా మిత్రుడు, రాతప్రతి నేను చూశాను" అని మొదటి వాక్యంలో రాస్తే సమీక్ష విలువ తగ్గదు. లూయిస్ చేసిన తప్పు మెచ్చుకోవడం కాదు, ఆ సంగతి పాఠకుడికి తెలియకపోవడం. అమెరికాలో 2024 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన దొంగ సమీక్షల నియమాలు కూడా సంస్థ లోపలివాళ్లు సంబంధం దాచి సమీక్షలు రాయడాన్ని తప్పుబడుతున్నాయి.

అమ్మే చోట స్టార్లు పాఠకులకి వదిలేద్దాం. మన మాటని మన పేరుతో, మన పత్రికల్లో, మన సైట్లలో వివరంగా రాద్దాం. అక్కడ దాన్ని తుడిచే యంత్రం ఉండదు.

ఎదురు సమీక్ష బాకీ పెట్టుకోవద్దు. నా పుస్తకం గురించి రాసినవాళ్ల పుస్తకం గురించే నేను రాయాలన్న లెక్క మొదలైన రోజే చదవడం ఆగిపోతుంది. ఇంకా ఎవరూ పట్టించుకోని మూడో మనిషి పుస్తకం తీసుకుందాం.

లోపం కనిపిస్తే రాద్దాం. "మనవాళ్ల పుస్తకం, తప్పులు బయట చెప్పకూడదు" అనే మొహమాటం ప్రేమలాగే ఉంటుంది గానీ, ఆ రచయిత రెండో పుస్తకానికి ఏ సాయమూ చేయదు. పుస్తకం అసలు నచ్చకపోతే మౌనంగా ఉండొచ్చు, అబద్ధపు మెప్పు కన్నా అది నయం.

నలుగురు కలిసి చదువుదాం. మూడొందల పుస్తకాలకి పదిమంది సరిపోయారు. ఒక విద్యార్థి సంఘం ఏడాదికి పది సొంత ప్రచురణల్ని తీసుకుని, ఒక్కోదాన్ని ముగ్గురు చదివి, మూడు అభిప్రాయాలూ పక్కపక్కనే వేయలేదా?

పెద్ద పత్రికలు మన పుస్తకాల్ని ఎప్పుడు చదువుతాయో మన చేతుల్లో లేదు. మనం ఒకరినొకరం ఎంత నిజంగా చదువుతామన్నది మాత్రం పూర్తిగా మన చేతుల్లోనే ఉంది.